ప్రకృతికి ఉద్దేశం ఉందా? పాశ్చాత్య తత్త్వంలోని పాత తగవు గురించి ఒక సందేహం

వేపచెట్టు
పర్యావరణం మీద తెలుగులో వచ్చే వ్యాసాలలో, ఉపన్యాసాలలో ఒక మాట దాదాపు మార్పు లేకుండా వినిపిస్తోంది. పాశ్చాత్యులు ప్రకృతిని జయించవలసిన యంత్రంగా చూశారనీ, మనం తల్లిగా చూశామనీ, ఆ పాపమంతా పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్‌తో మొదలైందనీ అంటారు. అలా అనేవారిలో డెకార్ట్‌ను తెరిచి చూసినవారు ఎంతమందో నాకు అనుమానమే. 1637లో వెలువడిన ‘పద్ధతిపై ప్రసంగం’ ఆరవ భాగంలో, నిప్పు, నీరు, గాలి, నక్షత్రాలు పనిచేసే తీరు చేతివృత్తులవారి పనులు మనకు తెలిసినంత స్పష్టంగా తెలిస్తే మనం ప్రకృతికి యజమానుల వంటివారం కాగలమని ఆయన రాసిన మాట నిజమే. అయితే ఆ వెంటనే ఆయన అన్నిటికంటే ముఖ్యమని చెప్పిన లక్ష్యం ఆరోగ్య రక్షణ. రోగాల నుంచీ, వీలైతే వృద్ధాప్యపు బలహీనత నుంచీ మనిషిని తప్పించాలన్నది ఆయన ఆశ. రెండున్నర వేల ఏళ్ల ఆలోచనను ఒక్క మనిషి నెత్తిన రుద్దడం న్యాయమేనా? ప్రకృతి అంటే ఏమిటన్న విషయంలో పాశ్చాత్య తత్త్వానికి ఎప్పుడైనా ఒకే అభిప్రాయం ఉందా? చదివినవారు కాస్త వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

రాతిమేడ
నింద ఊరికే రాలేదు. జంతువు శరీరంలో జరిగేదంతా యంత్రంలో జరిగినట్టే వివరించవచ్చని గట్టిగా చెప్పింది డెకార్టే. ఆయన కంటే ముందు, 1620లో, మనిషి జ్ఞానమూ మనిషి శక్తీ ఒకచోటే కలుస్తాయని ఇంగ్లీషు తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ ప్రకటించాడు. ఉద్దేశం ఆరోగ్యమే అయినా, చూపు మాత్రం అధికారానిదే. ఆ చూపు తరువాత ఎవరి చేతుల్లో పడిందో చరిత్ర చెబుతుంది.

పాతపుస్తకం
రాతిమేడ గారు చెప్పిన బేకన్ సూత్రంలోనే ఇంకో వాక్యం ఉంది. ప్రకృతికి లోబడితే తప్ప ప్రకృతిని లోబరచుకోలేమన్నది ఆ వాక్యం. ప్రకృతిని చిత్రహింస పెట్టి రహస్యాలు కక్కించాలని బేకన్ అన్నట్టు చాలాచోట్ల ఉదాహరిస్తారు గానీ ఆ మాటలు ఆయన రచనలలో లేవు. ఆనాటి విచారణ గదుల భాష ఆయన ఊహలలోకి చొరబడిందని చరిత్రకారిణి కారొలిన్ మర్చంట్ 1980లో వాదించారు, పీటర్ పెసిక్ వంటివారు దాన్ని ఖండించారు. బేకన్ నిజంగా వాడుకున్నది గ్రీకు పురాణంలోని ప్రోటియస్ కథను. ఆ సముద్ర దేవుడు రకరకాల రూపాలు మారుస్తాడు, గట్టిగా బంధించి పట్టుకుంటేనే చివరికి అసలు రూపానికి వస్తాడు. ఆ కథలో కట్టివేయడం ఉంది గనుక బేకన్ పూర్తిగా నిర్దోషి అని నేను అనను. అనని మాటను మాత్రం ఆయనకు అంటగట్టవద్దు.

కృష్ణాతీరం
డెకార్ట్ కూలదోసినది ఏమిటో తెలియకుండా ఆయన్ను తిట్టడమూ కుదరదు, మెచ్చుకోవడమూ కుదరదు. అందువల్ల ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దగ్గర మొదలుపెట్టాలి.

‘భౌతికశాస్త్రం’ రెండవ పుస్తకంలో ఆయన తనకంటే ముందటి గ్రీకు ఆలోచనాపరుడు ఆంటిఫాన్ చెప్పిన మంచం ఉదాహరణను తీసుకుంటాడు. చెక్క మంచాన్ని మట్టిలో పాతిపెట్టారనుకుందాం. అది కుళ్లి, ఆ కుళ్లులో మొలకెత్తే శక్తి ఇంకా మిగిలి ఉంటే, పైకి వచ్చేది చెట్టే తప్ప మరో మంచం కాదు. మంచం ఆకారం వడ్రంగి బయటి నుంచి తెచ్చిపెట్టినది. చెట్టు పెరగడానికీ, పెరిగి ఒకచోట ఆగడానికీ కారణం చెట్టులోనే ఉంది. ఇలా కదలికకూ నిలకడకూ మూలం తనలోనే కలిగి ఉండడమే అరిస్టాటిల్ దృష్టిలో ప్రకృతి. ఆంటిఫాన్ ఈ ఉదాహరణతో పదార్థమే ప్రకృతి అని తేల్చాడు. అరిస్టాటిల్ దాన్నే తిప్పికొట్టి, మంచానికి మంచం పుట్టదు గానీ మనిషికి మనిషే పుడతాడు గనుక రూపమే ఎక్కువ ప్రకృతి అన్నాడు.

ఇవి గదిలో కూర్చుని అల్లిన మాటలు కావు. కోడి పొదుగుతున్న గుడ్లను పగలగొట్టి చూసి, మూడు పగళ్లూ మూడు రాత్రులూ గడిచాక తెల్లసొనలో గుండె ఒక రక్తపు చుక్కలా కనిపిస్తుందనీ, ఆ చుక్క ప్రాణమున్నట్టే ఎగిరెగిరి కొట్టుకుంటుందనీ రాసినవాడు ఆయన. ఒక జాతి సొరచేప పిల్లలు తల్లి గర్భాశయానికి బొడ్డుతాడుతో అంటుకుని ఉంటాయని కూడా రాశాడు. 1842లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ మ్యూలర్ పరీక్షించి అది నిజమేనని చూపాడు. ఇంత దగ్గరగా చూసిన మనిషి, ముందుపళ్లు కొరకడానికి పదునుగానూ దవడపళ్లు నమలడానికి వెడల్పుగానూ రావడం ఎప్పుడూ జరిగే విషయం గనుక అది యాదృచ్ఛికం కాదనీ, ప్రకృతిలో ప్రయోజనం ఉందనీ అన్నాడు. పదిహేడవ శతాబ్దంలో తగవంతా ఈ చివరి మాట మీదనే జరిగింది.

చదువరి
వడ్రంగికి మనసు ఉంది, మంచం ఎలా ఉండాలో ముందే అనుకుంటాడు. చెట్టుకు మనసు లేదు కదా. ఉద్దేశించేవారు లేకుండా ఉద్దేశం ఎలా ఉంటుంది?

కృష్ణాతీరం
ఆ ఆక్షేపణను ఆయనే అదే పుస్తకం ఎనిమిదవ అధ్యాయంలో ఎత్తుకుని జవాబు చెప్పాడు. కళ ఆలోచించుకోదు అంటాడు. చేయి తిరిగిన పనివాడు ఒక్కొక్క దెబ్బ దగ్గర ఆగి ఎందుకు కొడుతున్నానని తర్కించుకోడు. సాలీడు, చీమ, గూడు కట్టే పిట్ట ఆలోచన లేకుండానే తమ పని చేస్తున్నాయి. తనకు తానే వైద్యం చేసుకునే వైద్యుడి వంటిది ప్రకృతి అని ఆయన పోలిక. మందు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒక్కడే గనుక అక్కడ బయటి నుంచి వచ్చిన ఉద్దేశం అంటూ లేదు. అరిస్టాటిల్ ప్రయోజనాన్ని సృష్టికర్త పథకంగా అర్థం చేసుకున్నది తరువాతి క్రైస్తవ పండితులు.

జంతుశాస్త్రం_టీచరు
ఈ విషయం నాకు ప్రతి ఏడాదీ తరగతి గదిలో ఎదురవుతుంది. ఎత్తైన కొమ్మలు అందుకోవడం కోసం జిరాఫీ మెడ పొడవు పెంచుకుందని ఇంటర్మీడియట్ పిల్లలు రాస్తే నేను మార్కులు తగ్గిస్తాను. ఆ మరుసటి పాఠంలోనే, రక్తం వెనక్కి రాకుండా ఉండడానికి సిరలలో కవాటాలు ఉన్నాయని నేనే చెబుతాను. ఆ ‘ఉండడానికి’ లేకుండా గుండె పాఠం చెప్పడం ఎవరికైనా సాధ్యమా?

ఇంగ్లీషు వైద్యుడు విలియం హార్వీ కథ ఇక్కడ చాలా ముఖ్యం. రక్తప్రసరణను నిరూపించిన ఆయన పుస్తకం 1628లో వచ్చింది. మీకు ఆ ఆలోచన ఎలా తట్టిందని శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బాయిల్ అడిగితే, సిరలలోని కవాటాలన్నీ రక్తాన్ని గుండె వైపు పోనిచ్చి తిరిగి రానివ్వకుండా అమరి ఉండడం చూశాననీ, ఇంత ముందుచూపు గల ప్రకృతి అన్ని కవాటాలను ఊరికే పెట్టి ఉండదని అనుకున్నాననీ ఆయన జవాబు చెప్పాడట. బాయిల్ ఈ సంభాషణను 1688లో అచ్చువేశాడు. హార్వీ అరిస్టాటిల్‌ను గౌరవించినవాడు.

యంత్రవాది డెకార్ట్ రక్తం తిరుగుతుందన్నది ఒప్పుకున్నాడు గానీ గుండె ఎలా పనిచేస్తుందన్న దగ్గర హార్వీని కాదన్నాడు. గుండెలో వేడి ఉందనీ, లోపల పడిన రక్తపు చుక్కలు ఆ వేడికి ఉబ్బి బయటికి తోసుకొస్తాయనీ వివరించాడు. గుండె కండరం బిగుసుకుని రక్తాన్ని నెడుతుందన్న హార్వీ మాటే నిజమని తేలింది. ప్రయోజనాన్ని నమ్మినవాడు సరిగ్గా చూశాడు, దాన్ని పక్కన పెట్టినవాడు తప్పుగా చూశాడు. యాంత్రిక దృష్టి వచ్చింది, మూఢత్వం పోయింది అని రెండు ముక్కల్లో చరిత్ర చెప్పేవారు ఈ ఒక్క విషయం గురించి ఆలోచించాలి.

వేపచెట్టు
టీచరు గారి పోస్టు చాలా బాగుంది. హార్వీ, డెకార్ట్ మధ్య ఇంత తేడా ఉందని నేను ఎక్కడా చదవలేదు.

రాతిమేడ
అరిస్టాటిల్‌ను ఇంతగా ఎత్తే ముందు ఆయన ‘రాజనీతి’ మొదటి పుస్తకం కూడా చూడండి. మొక్కలు జంతువుల కోసం, జంతువులు మనిషి కోసం ఉన్నాయని అక్కడే రాశాడు. కొందరు మనుషులు ప్రకృతి చేతనే బానిసలు అని రాసింది కూడా అక్కడే. ఆ వాక్యం గ్రీసులో ఆగిపోలేదు. 1550, 1551 సంవత్సరాలలో స్పెయిన్‌లోని వయ్యదోలిద్ నగరంలో జరిగిన వాదంలో, అమెరికా ఖండపు మూలవాసులు స్వభావసిద్ధంగా బానిసలేనని నిరూపించడానికి స్పానిష్ పండితుడు సెపుల్వెదా ఈ అరిస్టాటిల్‌నే ప్రమాణంగా తెచ్చుకున్నాడు. క్రైస్తవ మతాచార్యుడు బార్తొలొమే ద లాస్ కసాస్ ఆయన్ను ఎదిరించాడు. ప్రతి వస్తువుకూ ప్రకృతే ఒక పని కేటాయించిందని ఒప్పుకుంటే, ఎవరికి ఏ పని కేటాయించిందో చెప్పే అధికారం ఎవరిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. పుట్టుకతోనే పని నిర్ణయమైందన్న మాట విన్న దేశంలో ఉన్న మనకు దీని బరువు ఇంకొకరు చెప్పవలసిన అవసరం లేదు.

చదువరి
రాతిమేడ గారి చివరి రెండు వాక్యాలతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

జంతుశాస్త్రం_టీచరు
నేను కూడా ఏకీభవిస్తాను. కవాటానికి పని ఉందనడం వేరు, మనిషికి పుట్టుకతో పని ఉందనడం వేరు. మొదటిది పరీక్షించి చూడగలిగినది. హార్వీ చేతికి కట్టు కట్టి, ఉబ్బిన సిర మీద వేలు పెట్టి, రక్తం ఎటు కదులుతుందో అందరికీ కనిపించేలా చూపాడు. రెండవదాన్ని ఏ సిర మీద వేలు పెట్టి చూపుతారు?

పాదరసం
ప్రకృతికి ఉద్దేశాలు అంటగట్టడం ఎలా కూలిందో తెలియాలంటే 1648 సెప్టెంబరు 19న ఫ్రాన్స్‌లో జరిగిన ప్రయోగాన్ని చూడాలి. ప్రకృతికి శూన్యమంటే అసహ్యమని, అందుకే ఎక్కడ ఖాళీ ఏర్పడబోతే అక్కడికి నీరో గాలో పరుగెడుతుందని అప్పటి పండితులు చెప్పేవారు. 1643 ప్రాంతంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిచెల్లి పాదరసం నింపిన గొట్టాన్ని పాదరసపు తొట్టిలో తలకిందులుగా నిలబెడితే, అది సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తులో ఆగి, పైన ఖాళీ మిగిలింది. ఫ్రెంచ్ గణితజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ తన బావ పెరియేకు ఉత్తరం రాసి, ఆ గొట్టాన్ని ప్యూయ్ ద డోమ్ కొండ మీదికి తీసుకువెళ్లమన్నాడు.

పెరియే కింద క్లెర్మాంట్‌లో ఒక మఠం తోటలో కొలిచినప్పుడు పాదరసం నేటి లెక్కలో దాదాపు 71 సెంటీమీటర్ల దగ్గర ఉంది. ఒక గొట్టాన్ని అక్కడే ఉంచి, రోజంతా కనిపెట్టి చూడమని ఒక సన్యాసికి అప్పగించి, రెండవదానితో కొండ ఎక్కాడు. శిఖరం మీద అది దాదాపు 63 సెంటీమీటర్లకు దిగింది. నమ్మలేక, చిన్న ప్రార్థనా మందిరం చాటున ఒకసారి, ఆరుబయట ఒకసారి, గాలిలో ఒకసారి, తెరిపిగా ఉన్నప్పుడు ఒకసారి, వానలో మంచులో ఒకసారి కొలిచాడు. ప్రతిసారీ అంతే వచ్చింది. కింద సన్యాసి దగ్గరి గొట్టంలో మాత్రం రోజంతా మార్పు లేదు. ప్రకృతి కొండ కింద శూన్యాన్ని ఎక్కువగానూ కొండ పైన తక్కువగానూ అసహ్యించుకుంటుందని ఎవరైనా అనగలరా అని పాస్కల్ ముందే ఉత్తరంలో అడిగాడు. గాలి బరువు తప్ప అక్కడ మరే కారణమూ లేదు.

టీచరు గారు చెప్పిన బాయిలే 1686లో మరో గ్రంథం రాసి, ప్రకృతి అనే ఒక తెలివైన ఏజెంటు దేవుడికీ పదార్థానికీ మధ్య నిలబడి పనులు చక్కబెడుతుందన్న ఊహనే వదిలేయమన్నాడు. ఆయన ఇలా అనడానికి కారణం భక్తి. గౌరవమంతా దేవుడికే దక్కాలి తప్ప ప్రకృతి అనే ఉపదేవతకు కాదన్నది ఆయన పట్టుదల. యాంత్రిక దృష్టి నాస్తికత్వం నుంచి పుట్టిందనుకునేవారు ఇది గమనించాలి.

కృష్ణాతీరం
పాదరసం గారి ప్రయోగ వర్ణన అద్భుతం. అయితే శూన్యమంటే అసహ్యమన్న ఒక తప్పుడు ఉద్దేశం కొండ మీద చచ్చిపోయింది గానీ ప్రయోజనాలన్నీ అక్కడ చచ్చిపోలేదు. 1686లో ప్రకృతి దేవతను కాదన్న బాయిలే, రెండేళ్లకు ప్రాణుల అవయవాలలో ప్రయోజనాలను వెతకడం తగినదేనని రాశాడు. కన్ను చూపు కోసమేనని ఆయన నమ్మాడు. ఆ చూపును సంకల్పించినది ప్రకృతి కాదు, దేవుడు అన్నాడు.

అద్దాలసాన
అందరూ పదిహేడవ శతాబ్దపు తత్త్వవేత్త స్పినోజాను వదిలేశారు. 1656 జూలై 27న ఆంస్టర్‌డాం యూదు సమాజం ఆయన్ను వెలివేసింది. అద్దాలు సానపట్టి బతికాడు, ముఖ్య గ్రంథమైన ‘నీతిశాస్త్రం’ ఆయన పోయిన 1677లోనే స్నేహితులు అచ్చువేశారు. దేవుడు, అంటే ప్రకృతి, అని రాసిన మనిషి ఆయన. బాయిల్ దేవుడిని కాపాడడానికి ప్రకృతి అధికారాన్ని తీసేస్తే, స్పినోజా ఆ ఇద్దరినీ ఒకటే చేశాడు.

మొదటి భాగం చివరి అనుబంధంలో ఒక ఉదాహరణ ఉంది. ఇంటి కప్పు మీది నుంచి రాయి పడి ఒకడు చనిపోయాడు. వాణ్ని చంపడానికే రాయి పడిందని కొందరు వాదిస్తారు. గాలి వీచింది, ఆ మనిషి ఆ దారిన వెళ్తున్నాడు అని చెబితే ఒప్పుకోరు. గాలి అప్పుడే ఎందుకు వీచింది? ముందురోజు సముద్రం అల్లకల్లోలమైంది గనుక. అతను ఆ దారినే ఎందుకు వెళ్లాడు? స్నేహితుడు పిలిచాడు గనుక. స్నేహితుడు అప్పుడే ఎందుకు పిలిచాడు? ఇలా అడుగుతూ పోయి, చివరికి మీరు దైవసంకల్పం అనే అజ్ఞానపు ఆశ్రయంలో తలదాచుకునేదాకా వదలరని స్పినోజా రాశాడు. ప్రకృతికి ముందు పెట్టుకున్న లక్ష్యమేదీ లేదనీ, మనుషులు తమ కోరికల కొలతతో ప్రపంచాన్ని కొలుస్తున్నారనీ ఆయన అన్నాడు. ప్రకృతిని ఇంత పవిత్రంగానూ, ఇంత నిర్దయగానూ ఒకేసారి చూసిన తత్త్వవేత్త నాకు మరొకరు తెలియరు.

పాతపుస్తకం
స్పినోజాను నేటి ప్రకృతి ప్రేమికులు తమవాడిగా చెప్పుకుంటారు. 1973లో ‘లోతైన పర్యావరణవాదం’ అన్న ఆలోచనను ప్రతిపాదించిన నార్వే తత్త్వవేత్త ఆర్నే నెస్‌కు ఆయన ఆరాధ్యుడు. అదే గ్రంథం నాలుగవ భాగంలో, జంతువులను చంపరాదన్న నియమానికి ఆధారం మూఢనమ్మకం, ఆడవారి జాలి మాత్రమేననీ, జంతువులకూ అనుభూతి ఉన్నా మన స్వభావంతో వాటి స్వభావం కలవదు గనుక వాటిని మనకు తోచినట్టు వాడుకోవచ్చుననీ స్పినోజా రాశాడు. ఇటు డెకార్ట్, జంతువులకు ప్రాణం ఉందనీ, శరీరాంగాల మీద ఆధారపడినంత మేరకు ఇంద్రియజ్ఞానం కూడా ఉందనీ, వాటిని తాను కాదనడం లేదనీ 1649లో ఇంగ్లీషు తత్త్వవేత్త హెన్రీ మోర్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. వీరిలో ఎవరిని తిట్టాలి, ఎవరిని పొగడాలి అన్నది పేరు చూసి తేల్చే విషయం కాదు.

అద్దాలసాన
ఆ నాలుగవ భాగం మాటను నేను సమర్థించను, అందులో స్త్రీల గురించి అన్నదాన్ని అసలే సమర్థించను. కానీ నెస్ స్పినోజా నుంచి తీసుకున్నది జంతువుల మీద ఆయన అభిప్రాయాన్ని కాదు. మనిషి ప్రకృతిలో మరో రాజ్యంలా విడిగా లేడన్న మూడవ భాగపు మాటను తీసుకున్నాడు. తత్త్వవేత్త తన సూత్రాన్ని తానే చివరిదాకా నడిపించకపోవచ్చు.

దివిసీమ_బిడ్డ
1755 నవంబరు 1 ప్రస్తావన ఇంకా రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఆ ఉదయం పండుగ ప్రార్థనల వేళ లిస్బన్‌లో భూమి కంపించింది, తరువాత సముద్రం పైకి వచ్చింది, ఆపైన మంటలు ఊరిని మింగాయి. ఉన్నదంతా మంచికేనన్న తత్త్వవేత్తలను ఆ శిథిలాల దగ్గరికి వచ్చి చూడమంటూ ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ ఒక పద్యం రాశాడు. తత్త్వవేత్త రూసో 1756 ఆగస్టు 18న ఆయనకు పెద్ద ఉత్తరం రాశాడు. ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు ఒక్కచోట గుమిగూర్చి కట్టింది ప్రకృతి కాదనీ, జనం విడివిడిగా, తేలికైన ఇళ్లలో ఉండి ఉంటే నష్టం చాలా తక్కువగా ఉండేదనీ అందులో అన్నాడు. బట్టలు తెచ్చుకోబోయి ఒకడు, కాగితాల కోసం ఒకడు, డబ్బు కోసం ఒకడు వెనక్కి వెళ్లి ఎంతమంది చనిపోయారో అని కూడా రాశాడు.

మా ఇంట్లో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి పెద్దవాళ్లు చెప్పేది వింటూ పెరిగాను. పక్కా డాబా ఎక్కినవాళ్లు ఎక్కువగా మిగిలారు, పూరిళ్లవాళ్లు కొట్టుకుపోయారు. అందుకే రూసో వాదం నాకు కొత్తగా అనిపించలేదు. ఆయన చెప్పిన తేలికైన ఇల్లు భూకంపంలో కాపాడుతుంది, మా దగ్గర మాత్రం ప్రాణం తీసింది. అయినా అసలు విషయం అదే. గాలీ అలా ఎవరూ పంపినవి కావు, ఎవరు ఏ ఇంట్లో ఉన్నారన్నది మాత్రం మనుషులు నిర్ణయించినది.

రాతిమేడ
ఈ ఉత్తరం గురించి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. ఎవరి అధికారం, ఎవరి నష్టం అని నేను మొదటి నుంచీ అడుగుతున్నది దీన్నే.

నిక్కచ్చి
సహజమైనది మంచిదన్న నమ్మకాన్ని ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఒక వ్యాసంలో పట్టుకుని దులిపేశాడు. అది ఆయన పోయాక 1874లో అచ్చయింది. జరిగేదంతా ప్రకృతే అయితే ప్రకృతిని అనుసరించమని చెప్పడంలో అర్థం లేదు, ఎందుకంటే అనుసరించకుండా ఉండడం ఎవరి వల్లా కాదు. మనిషి చేయి పడనిదే ప్రకృతి అయితే, పొలం దున్నడం, బావి తవ్వడం, వైద్యం చేయడం అన్నీ ప్రకృతికి ఎదురు వెళ్లడమే అవుతాయి. మనిషి చేస్తే ఉరి వేసే పని ప్రకృతి ప్రతి ప్రాణికీ ఒకసారి చేస్తుందని ఆయన గుర్తుచేశాడు. ఇది సహజం, అది అసహజం అంటూ ఇతరుల జీవితాల మీద తీర్పులు చెప్పేవారు ఆ వ్యాసానికి జవాబు చెప్పి మాట్లాడాలి. స్పృహ ఉన్న ఎవరికైనా ఇంతకంటే వాదం అవసరం లేదు.

కృష్ణాతీరం
మిల్ వాదం పదునైనదే గానీ అరిస్టాటిల్‌ను తాకదు. జరిగేదంతా ప్రకృతి అని గానీ, మనిషి ముట్టనిది ప్రకృతి అని గానీ అరిస్టాటిల్ అనలేదు. ప్రతి వస్తువుకూ దాని లోపలి తీరు ఒకటి ఉందన్నాడు. నిక్కచ్చి గారు మూడవ దారిని లెక్కలోకి తీసుకోలేదు.

నిక్కచ్చి
ఆ లోపలి తీరును చూపించి మనుషులను బానిసలు చేశారు కదా, రాతిమేడ గారు పైన రాశారు. మూడవ దారి ఎక్కడికి పోతుందో వయ్యదోలిద్‌లో తేలిపోయింది.

జంతుశాస్త్రం_టీచరు
ఇద్దరికీ మధ్య నిలబడినవాడు జర్మన్ తత్త్వవేత్త కాంట్. ‘విమర్శ’ అన్న పేరుతో ఆయన రాసిన గ్రంథాలలో మూడవదైన, 1790లో వెలువడిన పుస్తకంలో ఆయన ఒక చెట్టును తీసుకుని మూడు విషయాలు చూపుతాడు. చెట్టు తన జాతి చెట్టునే కంటుంది. బయటి పదార్థాన్ని తనదిగా మార్చుకుని తనను తాను పెంచుకుంటుంది. ఆకులు చెట్టు వల్ల పుడతాయి, మళ్లీ ఆకులే చెట్టును బతికిస్తాయి గనుక పదే పదే ఆకులు దూస్తే చెట్టు చచ్చిపోతుంది. గడియారంలో ఒక చక్రం మరో చక్రాన్ని కదుపుతుందే గానీ కనదు, చెడిపోతే తనను తాను బాగుచేసుకోదు. అందువల్ల ప్రాణిని ఉత్త యంత్రంగా అర్థం చేసుకోలేమని కాంట్ అన్నాడు. అదే సమయంలో, ప్రయోజనం అన్నది మనం ప్రాణిని పరిశీలించడానికి పట్టుకునే దారే తప్ప అది ప్రకృతిలో నిజంగా ఉందని నిరూపించలేమని కూడా అన్నాడు. గడ్డిపోచ పుట్టుకను వివరించే న్యూటన్ ఎన్నటికీ రాడన్నది ఆయన ప్రసిద్ధమైన మాట.

1859లో డార్విన్ వచ్చాక ఆ న్యూటన్ వచ్చేశాడని అనుకున్నవారు ఉన్నారు. 1874లో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే మాత్రం, ప్రయోజనాన్ని శాస్త్రంలోకి తిరిగి తెచ్చినవాడు డార్వినేనని మెచ్చుకున్నాడు. ఆ మాట తనకు ప్రత్యేకంగా నచ్చిందని డార్విన్ ఆయనకు రాశాడు. జిరాఫీ దగ్గర మార్కులు తగ్గించి, కవాటాల దగ్గర ‘ఉండడానికి’ అని నేను చెప్పగలుగుతున్నది ఈ కారణంగానే. కవాటం ఆ పని చేయడం వల్లనే తరతరాలుగా నిలిచింది, ఆ పనిని ఎవరూ ముందుగా తలచలేదు.

పాదరసం
టీచరు గారూ, మీ చివరి వాక్యంతో పాస్కల్ కూడా స్థిమితపడతాడు. నాకు మాత్రం కాంట్ చెప్పిన జాగ్రత్త ఇంకా అవసరమనే అనిపిస్తోంది. ఎంపిక అనే మాటను డార్విన్ వాడిన తరువాత, ప్రకృతి మళ్లీ ఎంచే మనిషిలా కనిపించడం మొదలైంది.

డల్లాస్_నుంచి
తత్త్వం చట్టంగా మారిన చోటును నేను చెబుతాను. ఎల్లోస్టోన్ జాతీయ వనం 1872లో ఏర్పడింది. 1964 నాటి అమెరికా అరణ్య చట్టం అరణ్యాన్ని మనిషి వచ్చిపోయే అతిథి మాత్రమే అయిన చోటుగా నిర్వచించింది. ఎల్లోస్టోన్‌లో షోషోనీ తదితర మూలవాసులు తరతరాలుగా వేటాడుతూ బతికారు. వారిని బయటికి పంపాకే ఆ నేల నిర్వచనానికి తగినట్టు తయారైంది. మనిషి లేని ప్రకృతి అన్న ఊహ కూడా మనిషి తయారు చేసినదేనని చరిత్రకారుడు విలియం క్రోనన్ 1995లో రాసిన వ్యాసం ఇక్కడి పర్యావరణవాదులలో పెద్ద కలకలం రేపింది. ప్రకృతిని యంత్రంగా చూసినవారు మాత్రమే మనుషులను నిర్వాసితులను చేయలేదు. దాన్ని గుడిగా చూసినవారు కూడా చేశారు.

నల్లమల_బాట
క్రోనన్ కంటే ఆరేళ్ల ముందు, 1989లో, చరిత్రకారుడు రామచంద్ర గుహ ఈ మాటే మన దేశం వైపు నుంచి రాశారు. అమెరికన్ల అరణ్య భావనను ఇక్కడికి తెచ్చి పులుల కోసం అడవులను కేటాయించినప్పుడు, ఆ భారం అడవి మీద బతికే పేదల మీద పడిందని ఆయన వాదం. పులుల సంరక్షణ పథకం 1973లో మొదలైంది. నల్లమల 1983లో దాని కిందికి వచ్చింది. ఇప్పుడు అందులో తెలంగాణ వైపు భాగం పేరు అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రం. లోపల చెంచుల పెంటలు, అంటే వారి గూడేలు, ఉన్నాయి. తేనె తీయడం, గడ్డలు తవ్వడం, అటవీ ఉత్పత్తులు సేకరించడం వారి బతుకు. కొండ అంచు నుంచి తాడు వేలాడదీసుకుని తేనెపట్టు దగ్గరికి దిగే మనిషిని దగ్గరగా చూసినవాణ్ని నేను. ఏ పట్టును ఎప్పుడు తీయాలో, తరువాతి ఏటికి ఎంత వదలాలో అతనికి తెలుసు. అతణ్ని అడవికి బయటివాడిగా లెక్కవేసే ఆలోచన నల్లమలలో పుట్టినది కాదు. అందువల్ల వేపచెట్టు గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. పాశ్చాత్య తత్త్వంలో మనకు హాని చేసింది యంత్రం బొమ్మ ఒక్కటే అనుకోవద్దు, మనిషి లేని పచ్చదనం బొమ్మ కూడా హాని చేసింది.

రాతిమేడ
1967లో చరిత్రకారుడు లిన్ వైట్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం ఈ మూలాన్ని డెకార్ట్ కంటే చాలా వెనక్కి, భూమిని లోబరచుకోమన్న బైబిల్ ఆదికాండపు వాక్యం దాకా తీసుకువెళ్లింది. అయితే ఆ క్రైస్తవ మతంలోనే అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సాధువు ఉన్నాడని చెబుతూ, పర్యావరణవేత్తలకు ఆయన్ను రక్షక సాధువుగా పెట్టుకోవాలని వైట్ సూచించాడు. 1979లో పోపు రెండవ జాన్ పాల్ ఆ ప్రకటన చేశారు. నా మొదటి పోస్టులోని అభిప్రాయం నాకు ఇప్పటికీ ఉంది. చూపు అధికారానిదైనప్పుడు ప్రకృతిని ఏ పేరుతో పిలిచినా ఫలితం ఒకేలా ఉంటుంది. నల్లమల_బాట గారి పోస్టు దాన్నే బలపరుస్తోంది.

పాతపుస్తకం
ఇంకో మెట్టు ముందుకు వెళ్లినవారు ఫిలిప్ డెస్కోలా. అమెజాన్ అడవులలో అచువార్ ప్రజలతో కలిసి బతికిన ఆ ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త, అక్కడి స్త్రీలు తోటలోని కర్రపెండలం మొక్కలను పిల్లలుగానూ, పురుషులు వేట జంతువులను బావమరుదులుగానూ చూసుకోవడం గమనించారు. ప్రకృతి ఒకవైపు, సమాజం ఒకవైపు అన్న విభజనే ప్రపంచంలోని అనేక పద్ధతులలో ఒకటి మాత్రమేనని 2005లో వచ్చిన పుస్తకంలో వాదించారు. మనం తల్లిగా చూశాం, వారు యంత్రంగా చూశారు అన్న వాక్యంలో కూడా, ప్రకృతి అనేది మనకు ఎదురుగా విడిగా నిలబడి ఉందన్న ఒప్పుకోలు దాగి ఉంది.

వేపచెట్టు
ఎవరూ తేల్చని విషయం ఒకటి మిగిలింది. కాంట్ అన్నట్టు ప్రయోజనం మన చూపులోనిదే అయితే, హార్వీకి కవాటాలు చెప్పినది ఏమిటి? అతని చూపు రక్తం నడకతో ఎలా కలిసింది? టీచరు గారూ, కృష్ణాతీరం గారూ దీని మీద రాస్తే చదవాలని ఉంది.

చదువరి
అంతకంటే ముందు నా వంటివారికి ఏది మొదట చదవాలో చెప్పండి. అన్నీ కొని పెట్టుకుంటే ఏదీ పూర్తి కాదు.

కృష్ణాతీరం
‘భౌతికశాస్త్రం’ రెండవ పుస్తకం ఒక్కటే చదవండి, తొమ్మిది చిన్న అధ్యాయాలు. ఎనిమిదవది రెండుసార్లు చదవండి. వేపచెట్టు గారి ప్రశ్నకు నా జవాబు కూడా ఆ అధ్యాయం మీదనే రాస్తాను, వారాంతం దాకా సమయం ఇవ్వండి.

దివిసీమ_బిడ్డ
వోల్టేర్ పద్యం, రూసో ఉత్తరం పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండూ కలిపి ఒక్క సాయంత్రంలో పూర్తవుతాయి.

నిక్కచ్చి
మిల్ మొదట చదవండి. అది చదివాక మిగిలినవారు మిమ్మల్ని సులభంగా ఒప్పించలేరు.

జంతుశాస్త్రం_టీచరు
హార్వీ పుస్తకం కూడా పట్టికలో చేర్చండి. అది చాలా చిన్నది. అందులో చేతికి కట్టు కట్టిన బొమ్మలు నాలుగు ఉన్నాయి, మీ చేతి మీద మీరే చేసి చూడవచ్చు, కట్టు మాత్రం ఎక్కువసేపు ఉంచవద్దు.